యా కుక్కను చూసి రాసినావు?

ఏప్రిల్ పద్దెనిమిది, గురువారం.
హాజరు: డాక్టరమ్మ, నేను, అటెండరమ్మ. బయటివారు: బెళుగుప్ప వైపు నుంచి గొర్రెల కాపరి ఒకరు. కుక్కలు రెండు. నల్లది, తొడకు గాయం. ఎర్రది, ఊరికే వెంట వచ్చినది.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇంతే. ఉద్యోగంలో చేరిన రోజు మొదలుకొని ఇప్పటిదాకా డైరీ రాయకుండా నేను పడుకున్నది లేదు. పెళ్లి రోజు రాశాను, మా నాయన పోయిన రోజు కూడా రాశాను. పొద్దున రాసిన నాలుగు ముక్కలు తప్ప పేజీ అంతా ఖాళీగా మిగిలింది ఆ ఒక్క రోజే. ఆ సాయంత్రం పెన్ను పట్టుకుని కూర్చుంటే చెయ్యి కదల్లేదు. రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. పశువుల ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్లుగా కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. మీ చేతిరాత బాగుంటుందని ఎవరైనా మెచ్చుకుంటుంటే తప్పక చదవండి.

నేను రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. అనంతపురంలో మా పశువుల ఆసుపత్రి ల్యాబంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్. ముప్పై ఏళ్లకు పైగా నేను చూసిందంతా గొర్రెల పేడ, ఆవుల రక్తం, గేదెల పాలు. ఇక ఉద్యోగం ఇలాగే తీరం చేరుతుందనుకుంటుండగా ఎవరో దాతలు ఒక యంత్రం ఇచ్చారు. వంటింటి మిక్సీ అంత ఉంటుంది. చిన్న కిట్టులో రెండు చుక్కల రక్తం వేసి లోపలికి తోస్తే, ఆ రక్తం ఆమ్లం వైపు ఒరిగిందా, క్షారం వైపు ఒరిగిందా అని రెండు నిమిషాల్లో చీటీ కొట్టి ఇస్తుంది. ఏ ప్రాణికైనా రక్తం ఈ రెండింటి మధ్య ఒక సన్నని దారిలోనే నడవాలి. అటో ఇటో కొంచెం ఎక్కువ తప్పితే ప్రాణానికే ముప్పు. చీటీలో వచ్చే అంకెల్లో మేము ముఖ్యంగా చూసేది బైకార్బొనేట్. అది తగ్గితే రక్తం ఆమ్లమైపోతోందని అర్థం. అప్పుడు డాక్టర్లు సోడా బైకార్బొనేట్ సీసా ఎక్కిస్తారు. మీకు ఇంతవరకు తెలిస్తే ఈ కథకు చాలు.

ఆ యంత్రం మనుషుల ఆసుపత్రుల కోసం చేసింది. ఏ అంకె దారి తప్పినా పక్కన ఒక చుక్క గుర్తు వేస్తుంది. ఆ గుర్తు కూడా మనుషుల లెక్కకే వేస్తుంది. దాన్ని వాడడం నేర్చుకోవడానికి నన్ను మూడు రోజులు ఒక మనుషుల ఆసుపత్రి ల్యాబుకు పంపించారు. అక్కడి టెక్నీషియన్ మంచివాడు. గోడకున్న అంకెల పట్టికను చూపించి, 'రాసుకోన్నా, నీకూ పనికొస్తాది' అన్నాడు. స్కేలు పెట్టి గీతలు కొట్టి రాసుకున్నాను. బైకార్బొనేట్: ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు. ఆ రోజు డైరీలో కింద ఒక ముక్క ఉంది: 'కుక్కల అంకెలు పుస్తకంలో చూడాలి.'

చూడాలనుకున్నాను. ఇది అబద్ధం కాదు.

అంతలో పై అధికారి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. అప్పటి డాక్టరు గారు ల్యాబులోకి తొంగి చూసి, 'ఆ గోడ బోడిగా ఉండాది, ఏమన్నా తగిలించప్పా' అన్నారు. తెల్ల అట్ట తెచ్చాను, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు తెచ్చాను. ఆదివారమంతా కూర్చుని ఆ పట్టిక రాశాను. పైన పెద్ద అక్షరాలతో 'రక్తంలో ఆమ్ల క్షార ప్రమాణాలు' అని రాశాక కింద ఒక వరుస ఖాళీ మిగిలింది. చూడ్డానికి వెలితిగా ఉంది. అక్కడ ఆకుపచ్చ రంగుతో 'ఆరోగ్యంగా ఉన్న కుక్కలలో' అని రాశాను. రాయమని నాకెవరూ చెప్పలేదు.

అధికారి ఆ అట్ట ముందు నిలబడి 'భేష్' అన్నారు. పని పూర్తయితే డైరీలో దాని పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టడం నా అలవాటు. ఆ సాయంత్రం వెనక్కు తిప్పి, 'కుక్కల అంకెలు పుస్తకంలో చూడాలి' అన్న ముక్కకు కూడా టిక్కు పెట్టేశాను. ఆ టిక్కు ఇప్పటికీ ఉంది. రంగు కూడా వెలిసిపోలేదు.

ఆ అట్ట గోడకు పదకొండు నెలలుంది. మధ్యలో పాత డాక్టరు గారు బదిలీ అయి ఈ డాక్టరమ్మ వచ్చింది. కోస్తా వైపు అమ్మాయి. మొదటి ఉద్యోగం. హోదాలో నాకు పైన, వయసులో నా కూతురికంటే చిన్న. నన్ను 'సార్' అనేది. వచ్చిన రోజే అట్ట ముందు నిలబడింది.

'ఇది మీరు రాసిందేనా సార్? ఎంత నీట్‌గా ఉందో.'

నేను జవాబు చెప్పేలోపే అటెండరమ్మ అందుకుంది. ఆమె మా ఆసుపత్రిలో నాకంటే నాలుగేళ్లు సీనియరు. ఎంతటి కుక్కనైనా మూతికి గుడ్డ కట్టకుండా పట్టుకునేది. మనుషుల్నీ అలాగే పట్టుకునేది. 'మా సారు రాసినాడంటే ఇంగ దాంట్లో తప్పెతకల్లంటే పైనుంచి దేవుడే అద్దాలు పెట్టుకోని రావల్ల మేడమ్' అంది.

నాకు సంతోషమైంది. ఆ సంతోషం కూడా డైరీలో ఉంది.

గురువారం పొద్దున తొమ్మిది దాటగానే ఆ గొర్రెల కాపరి వచ్చాడు. బస్సులో కుక్కల్ని ఎక్కించుకోనంటే టమాటాల బండి పట్టుకుని వచ్చాడట. యాభై ఏళ్లుంటాయి. భుజం మీద గొంగడి, గొంగడి మీద నల్ల కుక్క. ముందు రోజు మంద దగ్గరికి అడవి పంది వస్తే ఇది అడ్డం పోయింది. కోర తగిలి వెనక తొడ జానెడు చీలిపోయింది. వెనకాలే ఎర్ర కుక్క, ఎవరూ పిలవకుండానే, మా గేటు దాటి లోపలికి వచ్చి అన్నిటినీ వాసన చూసింది.

'దీన్ని ఎట్లన్నా నిలబెట్టల్ల డాక్టరమ్మా' అన్నాడు. 'తోడేళ్లు తిరుగుతాండాయి. ఎర్రది ఉండాది గానీ అది ఉత్త అరుపుల్ది. ఇది అరవదు, పోయి పట్టుకుంటాది. ఇంగ వారంలో మందను తోలుకోని మేపు కోసం పడమటికి పోవల్ల. ఇది ల్యాకపోతే నేను పోయేకి ల్యా. ఈడుంటే జీవాలకు మేత ల్యా.'

డాక్టరమ్మ గాయం చూసింది. లోతుగా ఉంది, మత్తు ఇచ్చి కుట్టాలి అంది. మత్తుకు ముందు రక్తం చూడడం ఆమె పద్ధతి. మంచి పద్ధతే. యంత్రానికి మా దగ్గర ఆ రోజు మూడు కిట్లే మిగిలాయి. కొత్తవి ఎప్పుడొస్తాయో తెలియదు. అందుకే ఒక జంతువుకు ఒకసారే పరీక్ష చేసేవాళ్లం. ఎక్కించిన తర్వాత మళ్లీ చూడడమన్నది మా దగ్గర లేదు.

నల్లకుక్క బైకార్బొనేట్ పంతొమ్మిది. పక్కన చుక్క గుర్తు.

డాక్టరమ్మ చీటీ చూసింది, తలెత్తి గోడ చూసింది. 'తక్కువుంది సార్. ఇలాగే మత్తిస్తే తట్టుకోలేదు. ముందు సోడా ఎక్కించి, అంకె దారికి తెచ్చి, మధ్యాహ్నం కుడదాం.'

నేను సీసా తెచ్చి ఇచ్చాను.

కాపరి నసిగాడు. 'పొద్దున సంగటి తినిండాది మేడమ్. కుంటుకుంటానే బండికాడికి నడిచొచ్చింది.'

'బయటికి బాగానే ఉంటుందండీ. తేడా లోపల, రక్తంలో ఉంది' అంది డాక్టరమ్మ, ఓపికగా.

ఆయన బల్ల పక్కన నేల మీద కూర్చుని కుక్క ముందుకాలు పట్టుకున్నాడు. మొదటి సీసా అయిపోయింది. రెండోది సగానికి వచ్చేసరికి నల్ల కుక్క పైపెదవి అదరడం మొదలైంది. ముందు ఈగ వాలిందేమో అనుకున్నాను. తర్వాత చెవి అదిరింది. ఆ తర్వాత నాలుగు కాళ్లూ కర్రల్లా బిగుసుకుని వణికాయి. ఊపిరి నెమ్మదించింది. ఒక శ్వాసకూ ఇంకో శ్వాసకూ మధ్య నేను నాలుగు లెక్కపెట్టగలిగాను.

'ఆమ్లం ఎక్కువవుతోంది. మనం చాలినంత ఇవ్వట్లేదు' అంది డాక్టరమ్మ. 'మూడో సీసా తీయండి సార్.'

నేను బీరువా తెరిచి మూడో సీసా తీశాను. మూత రేకు కూడా ఊడదీశాను. ఆ రేకు కింద పడి గిరగిరా తిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

'ఏమప్పా' అన్నాడు కాపరి నన్ను చూసి. 'వచ్చేటప్పుడు ఇది బాగుండె. మీ నీళ్లు పోయిండేదానికే గదా ఇట్లయింది?'

'కాదప్పా' అన్నాను. చీటీ చూపించాను, తర్వాత వేలితో గోడ మీది అట్ట చూపించాను. 'అది చూడు. బాగుండే కుక్కకు ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు దాకా ఉండాలి. నీ కుక్కకు పంతొమ్మిదే ఉంది. ఆ తక్కువను నింపుతున్నాం.'

ఆయనకు చదువు రాదు. అయినా లేచి నిలబడి, ఆ రంగుల అట్టను పైనుంచి కిందికి చాలాసేపు చూశాడు.

'ఎవురిదప్పా ఆ లెక్క? యా కుక్కను చూసి రాసినావు?'

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను.

అటెండరమ్మకు కోపం వచ్చింది. 'మా సారు బుక్కులు చూసి రాస్తాడబ్బా. కుక్కల్ని చూసి రాసేకి ఆయప్పేమన్నా నీ మాదిరి మందకాడ పండుకుంటాడా?'

'అట్ల కాదమ్మా. నీకు కోపమొస్తే నేనేం చేసేది.' ఆయన గొంతు పెంచలేదు. 'మందలో ఒగ గొర్రె నలతగా ఉండాదంటే మేము దాన్నొకదాన్నే చూడం. దాని ఈడుదే, బాగుండేదాన్ని ఒగదాన్ని తెచ్చి పక్కన నిలబెడతాం. ఈ చేత్తో దీని చెవి, ఈ చేత్తో దాని చెవి పట్టుకుంటాం. రెండిటి నోర్లూ తెరిచి చూస్తాం. అప్పుడు తెలుస్తాది దీనికి రోగమా, ల్యాకపోతే ఎండకు అన్నీ అట్లే ఉండాయా అని. మా నాయన నేర్పిచ్చినాడు. ఆ ఎర్రది దీని తోడబుట్టిందే. ఒగే ఈత. దాని రక్తం గూడా తీయండి. దానికెంతుంటే దీనికంత చేయండి, సాలు.'

'బాగున్న కుక్కకు పరీక్షా?' డాక్టరమ్మ నా వైపు చూసింది. 'రెండే కిట్లున్నాయి సార్.'

ఆ క్షణంలో నా కళ్ల ముందు ఉన్నది మా ల్యాబు కాదు. ఆ మనుషుల ఆసుపత్రి ల్యాబు. లేత నీలం గోడ, బయట బెంచీ మీద చేతికి దూది అదుముకుని కూర్చున్న ముసలాయన, గోడకు పట్టిక. దాని నెత్తిన 'పెద్దవారిలో' అని ఉంది. స్కేలుతో గీతలు కొట్టుకుంటూ ఆ మాటను నేను వదిలేశాను. మా దగ్గర పెద్దవారు ఎవరుంటారని వదిలేశాను.

'తీద్దాం మేడమ్' అన్నాను.

అటెండరమ్మ ఎర్రదాన్ని ఒక్క చేత్తో ఒడిసి పట్టుకుంది. అది ఆమె మోచెయ్యి నాకింది. సూది గుచ్చినా పట్టించుకోలేదు. వదిలిన వెంటనే బయటికి ఉరికి, కొళాయి దగ్గర నీళ్లు తాగుతున్న కాకి మీద పడింది. నేను కిట్టు లోపలికి తోసి నిలబడ్డాను. రెండు నిమిషాలు. చీటీ బయటికి వచ్చింది.

ఇరవై. పక్కన చుక్క గుర్తు.

కిటికీలోంచి చూస్తే ఎర్రకుక్క కాకి కోసం గోడ ఎక్కబోతోంది. నా అట్ట లెక్కలో అదీ రోగిష్టిదే. దానికీ సీసా పెట్టాలి.

రెండు చీటీలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

'మేడమ్, ఆ అంకెలు మనుషులవి.'

'ఏవి?'

'అట్ట మీదివి. మనుషులవి. కుక్కలవి కావు.'

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమైన క్షణంలోనే ఆమె చెయ్యి పైకి పోయి సీసా గొట్టం మూసేసింది. ఆ తర్వాతే ముఖం తెల్లబోయింది. నేను ఇంతకాలం చూసిన డాక్టర్లలో చెయ్యి అంత ముందు కదిలినవాళ్లు తక్కువ.

మిగిలిన ఆఖరి కిట్టుతో నల్లకుక్క రక్తం మళ్లీ చూశాం. ముప్పై నాలుగు. యంత్రం ఈసారి కూడా చుక్క గుర్తు వేసింది. ఆ రోజు ఆ గుర్తు నిజమైంది ఈసారే. ఏ జబ్బూ లేని రక్తాన్ని రెండు గంటల్లో మేము క్షారం వైపు తోసేశాం. అలా తోస్తే రక్తంలో కాల్షియం పని చేయదు, కండరాలు అదిరి బిగుసుకుంటాయి. డాక్టరమ్మ కాల్షియం తీసుకుని, గుండె మీద స్టెతస్కోపు పెట్టుకుని, చుక్క చుక్కగా ఎక్కించింది. ఎక్కిస్తూనే కాపరితో అంది.

'మా తప్పండీ. మీ కుక్క రక్తం బాగానే ఉండింది. మేమే పాడు చేశాం.'

గొర్రెల కాపరితో ఒక డాక్టరు ఆ మాట అనగా నేను అంతకు ముందు వినలేదు. ఆ మాట అనాల్సింది ఆమె కాదు.

ఆయన కుక్క కాలు వదల్లేదు. నా వైపే చూశాడు. 'నేను సదువుకోనోన్ని. నాకు తెలీక అడిగితి. మీరు తెలిసినోళ్లు గదా, మీరు ఒగర్నొగరు అడుక్కోలేదా?' అన్నాడు. మళ్లీ తనే, 'సరే పో. దీన్ని బతికించండి. ఆమీట మాట్లాడదాం.'

మూడు గంటలకు వణుకు తగ్గింది. నాలుగింటికి కాళ్లు మెత్తబడ్డాయి. కళ్లు మాత్రం తెరవలేదు. ఈ పూట దాటితే చెప్పగలను అంది డాక్టరమ్మ. గాయానికి కట్టు కట్టి, కానుగ చెట్టు కింద గొంగడి పరిచి పడుకోబెట్టాం. ఎర్రది వచ్చి దాని వీపుకు ఆనుకుని పడుకుంది.

డాక్టరమ్మ తన గదికి పోయి, కాలేజీ నాటి లావు పుస్తకం తెచ్చింది. పేజీ వెతికి నా ముందు పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు బైకార్బొనేట్ పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు దాకా ఉండొచ్చు. మనుషులకంటే కిందే. ఒక్క వాక్యం. చూడడానికి అర నిమిషం పట్టింది.

'నేను చదివాను సార్ ఇది' అంది. 'వచ్చిన మొదటి వారమే, కుక్కలకు కొంచెం తక్కువ కదా అని ఒకసారి అనిపించింది. మీ అట్ట చూసి, నేనే సరిగ్గా చదివి ఉండనులే అనుకున్నాను.'

తిట్టి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

అటెండరమ్మ కుర్చీ ఎక్కి అట్టను పీకేసింది. చించబోతే డాక్టరమ్మ ఆపింది. అట్టను వెనక్కు తిప్పి తెల్లవైపు పైకి పెట్టి, 'రాయండి సార్. మొదటి వరుస. ఎర్రకుక్క, ఏ జబ్బూ లేదు, ఇరవై' అంది. రాశాను. నా చేతిరాతలో వంకర గీతలున్న అట్ట అదొక్కటే.

తర్వాత పదకొండు నెలల డైరీలు తెరిచాను. ఏ కుక్కకు ఎంత వచ్చింది, ఏం ఎక్కించారు, ఏమైంది, అన్నీ ఉన్నాయి. పద్ధతిగా రాసుకున్నాను కదా. చుక్క గుర్తు పడ్డ కుక్కలు ఇరవై ఆరు. వాటిలో చాలావరకు నిజంగానే జబ్బు చేసినవి. కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. మా సీసా వాటికి మేలు చేసిందో కీడు చేసిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. పేజీలు తిప్పుతూ అక్టోబరులో ఒకచోట ఆగిపోయాను.

ధర్మవరం. పట్టు మగ్గాలాయన. తెల్ల ఆడకుక్క, రెండు రోజులుగా వాంతులు. బైకార్బొనేట్ ఇరవై, గుర్తు. రెండు రోజులు సోడా. రెండో సాయంత్రం: 'పెదవి అదిరింది. వణుకు. కాళ్లు బిగుసుకున్నాయి. పోయింది.'

ఆ పొద్దున నల్లకుక్కను చూసి మనసులో అనుకున్న మాటలే ఆరు నెలల కిందట నా చేతిరాతలో ఉన్నాయి. ఒక్క మాట కూడా తేడా లేదు. కింద ఇంకో వరుస: 'యజమాని ఏం తిని ఉంటుందని అడిగారు. పులిసినదేదో తిని రక్తం చెడి ఉంటుందని చెప్పాను.'

ఆ మాట చెప్పే పని నాది కాదు. పాత డాక్టరు గారు అప్పటికే ఇంటికి పోయారు. మగ్గాలాయన గుడ్డలో చుట్టిన కుక్కను పట్టుకుని అడుగుతుంటే, తెలియదు అనడానికి నాకు నామోషీ అనిపించింది. చీటీ చేతిలో ఉంది, గోడ మీద అట్ట ఉంది. చెప్పేశాను.

డాక్టరమ్మకు ఆ పేజీ చూపించాను. ఆమె రెండుసార్లు చదివింది. 'అది దేనివల్ల చనిపోయిందో ఇప్పుడు చెప్పలేం సార్.'

'చెప్పలేం మేడమ్. పులిసింది తినిందని మాత్రం నేను చెప్పినాను.'

మరుసటి రోజు శుక్రవారం. పొద్దున ఆరింటికే ఆసుపత్రికి పోయాను. గేటు దగ్గర ఆగిపోయాను. లోపలికి పోవడానికి భయమేసింది. కాపరి నన్ను చూశాడు, లేవలేదు. పక్కకు జరిగి చూపించాడు. నల్ల కుక్క తల ఎత్తి ఉంది. సత్తు గిన్నెలో నీళ్లు తాగుతోంది. తాగి, మూడు కాళ్ల మీద లేచి, ఎర్రదాని ముఖం మీద ఒకసారి గుర్రుమంది.

'మబ్బుతోనే, తెల్లారకముందే లేసింది' అన్నాడు కాపరి. 'నిన్న నిన్ను ఏమన్నా అనల్లనుకుంటి. ఇంగేం అనేది, లేసింది గదా. కుట్టేది బిరిన కుట్టమను, టమాటా బండి పదికి పోతాది.'

డాక్టరమ్మ కుక్కకు తొడ దగ్గర మాత్రం తిమ్మిరెక్కించి కుడుతుండగా నేను సెలవు చీటీ రాసి ఆమె బల్ల మీద పెట్టి బయటపడ్డాను. బత్తలపల్లె మీదుగా ధర్మవరం బస్సెక్కాను. సంచిలో అక్టోబరు డైరీ.

పట్టు మగ్గాలాయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధంతా మగ్గాల చప్పుడు. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. గోడ వారన ఆయన భార్య రాట్నం ముందు కూర్చుని పట్టు కండెలు చుడుతోంది. నన్ను గుర్తు పట్టాడు. 'రాన్నా, కూచో' అన్నాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. అట్ట సంగతి, మనుషుల అంకెల సంగతి, కాపరి కుక్క సంగతి.

'మీ కుక్క దేనివల్ల పోయిందో నాకు తెలీదు. మా సీసా వల్లే పోయిందేమో. దాని రక్తం మాత్రం బాగానే ఉండింది. పులిసింది తిని చెడిందని నేను చెప్పింది తప్పు.'

ఆయన నాడె విసరడం ఆపలేదు. అటు ఒకసారి, ఇటు ఒకసారి. నా మాట చెవిన పడిందో లేదో తెలియలేదు. ముందు ఆగింది రాట్నం. ఆమె లేచి వచ్చింది. వేళ్లకు ఎర్రపట్టు పోగు చుట్టుకునే ఉంది.

'ఏమంటివన్నా?'

'రక్తం చెడలేదమ్మా. ఏమీ పులవలేదు.'

ఆమె మొగుడి వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగింది.

'ఆరు నెల్లాయ. కూటికి కూచున్నప్పుడంతా ఈయప్పది అదే మాట. రాత్రి మిగిలిన అంబలి పోసి సంపినావు, ఆసుపత్రి సారే చెప్పినాడు అని. నేను గూడా అదే అనుకుంటి. నా చేత్తోనే పోసిన్యా గదా, నేనే సంపింటా అని. మళ్లా అంబలి కలపల్లంటే చేతులు ఆడవు నాకు.'

మగ్గం ఆగింది. ఆయన తల ఎత్తలేదు. నేత మీద చెయ్యి పెట్టి, లేని ముడిని వేలితో తడుముతున్నాడు.

'ఇంగోసారి చెప్పన్నా' అందామె. 'ఈయప్ప ముందర. నిదానంగా చెప్పు.'

సంచిలోంచి డైరీ తీశాను. అక్టోబరు పేజీ తెరిచి, మొదటి వరుస నుంచి మళ్లీ చెప్పాను.